వల అంటే ఎడమ, వల' అంటే లేదు: దావావ్‌లో బిసాయా కార్డుల డైరీ

జూన్ 8, ఆదివారం

ఫిలిప్పీన్స్‌లోని దావావ్‌లో మెడిసిన్ చదువుతూ, ఇక్కడి బిసాయా భాష మాటలకు ఫోనులో చూసుకునే తెలుగు కార్డులు చేయడం మొదలుపెట్టాను. ఎందుకో ముందు రాసిపెట్టుకోవాలి.

గురువారం వార్డులో ఒక పెద్దావిడ మోకాలి నొప్పితో వచ్చారు. ఏ కాలో తెలుసుకోవాలి. సీనియర్ల నుంచి చేతులు మారుతూ వచ్చిన ఇంగ్లీషు అక్షరాల నోట్సులో ఉన్నట్టే అడిగాను: “ఆసా ఆంగ్ సాకిట్, నాంగ్? టువో ఓ వాలా?” నొప్పి ఎక్కడమ్మా, కుడి వైపా ఎడమ వైపా అని. ఆవిడ “వాలా” అన్నారు. వాలా అంటే లేదు అని నాకు తెలుసు, బజారులో రోజూ వినే మాటే. నొప్పి లేదని కేసు షీటులో రాసేశాను. పక్కనున్న నర్సు అది చూసి కొట్టేయించింది. ఆవిడ చెప్పింది ఎడమ కాలని.

ఎడమకీ, లేదు అనడానికీ స్పెల్లింగు ఒకటే, పలకడం మాత్రం వేరట. నర్సు ఓపిగ్గా రెండు మాటలూ పక్కపక్కన పలికి చూపించింది. ఈ ఊళ్లో నాలుగేళ్లుగా ఉంటున్నా నాకు తేడా వినపడలేదు. ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదు. మోకాలి విషయంలో జరిగింది కాబట్టి సరిపోయింది. అదే ఛాతీ నొప్పి అయ్యుంటే?

ఈ ఊళ్లో మనవాళ్లు చాలామందే ఉన్నాం. ఆంధ్ర నుంచి, తెలంగాణ నుంచి వైద్యవిద్యకు వచ్చిన పిల్లలు హాస్టళ్ల నిండా కనిపిస్తారు. పాఠం ఇంగ్లీషులో, పరీక్ష ఇంగ్లీషులో. వార్డులోకి అడుగుపెట్టాక మాత్రం రోగి మాట్లాడేది బిసాయా. పుస్తకాల్లో దీన్ని సెబువానో అంటారు. ఇక్కడి జనం నోట బిసాయా, బినిసాయా. సెబు దీవి పాత పేరు సుగ్బొ కాబట్టి సుగ్బువానొన్ అనేవాళ్లూ ఉన్నారు. సెబు, బొహోల్, సికిహోర్, నెగ్రోస్ తూర్పు భాగం, లేతే దీవిలో కొంత, ఇక్కడ మిందనావ్‌లో చాలా ప్రాంతం కలిపి సుమారు రెండు కోట్ల మంది ఇళ్లలో మాట్లాడే భాష ఇది. మనీలా వాళ్ల తగలోగ్ వేరు, ఇది వేరు. టీవీ చూసి తగలోగ్ నేర్చుకుని వార్డుకు వెళ్తే నెట్టుకురావచ్చు గానీ, పల్లె నుంచి వచ్చిన ముసలావిడ తన బాధ తన భాషలోనే చెప్పుకుంటుంది.

అనుకున్నది ఇదీ: వార్డులో పనికొచ్చే మూడు వందల మాటలు. ఒక్కో మాటకూ ఒక్కో కార్డు. కార్డు మీద తెలుగు లిపిలో ఉచ్చారణ, తెలుగులో అర్థం, నొక్కితే ఇక్కడివాళ్ల గొంతు. జూనియర్లు వార్డుకు వెళ్లే లోపు పూర్తవ్వాలి. ఇంగ్లీషు అక్షరాలు ఎక్కడా ఉండకూడదు. ఆ నియమం ఎందుకు పెట్టుకున్నానో వచ్చే వారం రాస్తాను.

జూన్ 15, ఆదివారం

నలభై మాటలు రాశాను. రాస్తుంటే తెలిసింది, ఈ భాషకు తెలుగు లిపి ఎంత చక్కగా సరిపోతుందో.

పాత నోట్సులో టి, డి అక్షరాలు చూసి మనవాళ్లందరం ట, డ అంటున్నాం. సాకిట్, టాటాయ్, డావావో. ఇక్కడివాళ్ల నాలుక పళ్లకే తగులుతుంది: సకిత్, తాతయ్, దావావ్. మన త, ద ఉన్నట్టే. ఇంగ్లీషు అక్షరం మధ్యలోకి వచ్చి, మన నోట్లో ఉన్న సరైన ధ్వనిని తప్పించి పక్క ధ్వనిలోకి నెట్టింది. ఖ, ఘ లాంటి ఒత్తక్షరాలు లేవు. ఫ లేదు, కుటుంబాన్ని పమిల్య అంటారు. ర మన ర లాంటిదే.

ఇక ఙ. పెద్దబాలశిక్షలో చదివి వదిలేసిన అక్షరం. వాఙ్మయం అన్న మాటలో తప్ప జీవితంలో రాసి ఉండను. ఇక్కడ మాట దానితోనే మొదలవుతుంది. పన్ను ఙీపొన్. పేరు ఙాలన్. ఎందుకు అనడానికి ఙానొ. ముక్కు ఇలొఙ్. బహువచనానికి రాసే ఎం-జి-ఎ అనే మూడక్షరాల మాటను నేను మొదటి ఏడాదంతా ఎమ్గా అని చదివాను. అది మఙ. ఫోను కీబోర్డులో ఙ వెతుక్కోవడానికే పది నిమిషాలు పట్టింది. “పంకజం” అనబోయి “పం” దగ్గర ఆగితే నాలుక వెనక భాగం ఎక్కడుంటుందో, అక్కడి నుంచే మాట మొదలుపెట్టమని జూనియర్లకు చెప్పాను. పది మందిలో ఏడుగురికి వెంటనే వచ్చింది.

ఈ ధ్వనిని బయటివాళ్లు జారవిడవడం కొత్త కాదు. 1521లో మగెల్లన్ ఓడల్లో వచ్చిన ఇటలీ యాత్రికుడు ఆంటోనియో పిగాఫెట్టా సెబులో దాదాపు 160 మాటలు రాసుకున్నాడు. పళ్లను నిపిన్ అని, ముక్కును ఇలోన్ అని రాశాడు. రెండు చోట్లా ఙ పోయింది. ఇటలీ చెవికి అది మాట మొదట్లోనూ చివరా అందలేదు. అయినా ఐదు వందల ఏళ్ల తర్వాత ఆ పట్టీ చూస్తే మాటలు పోల్చుకోవచ్చు. బియ్యం దగ్గర అతను రాసింది బుఘక్స్. మా వీధి చివర కొట్లో ఈ రోజుకీ బియ్యం బుగస్సే.

మనవల్ల అయ్యే తప్పు ఒకటుంది, ఇది ఇంగ్లీషు పాపం కాదు. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి. అందుకని సలామత్‌ను సలామత్తు, బుంతగ్‌ను బుంతగు అనేస్తాం. ఇక్కడ చివరి త్, క్, ప్ బయటికి పేలవు. నాలుక వెళ్లి తగులుతుంది, అక్కడే ఆగిపోతుంది. పొల్లు రాసి వదిలేస్తే చాలదు. కార్డు మీద “చివర నోరు తెరవకు” అని చిన్నగా రాస్తున్నాను.

జూన్ 22, ఆదివారం

రికార్డింగు మొదలైంది. గొంతు మా ఇంటావిడది, అంటే మేముండే హాస్టలు ఇంటి యజమానురాలిది. ఆవిడ సెబు దీవి నుంచి చిన్నప్పుడు వలస వచ్చారు, అరవై దాటాయి, స్పష్టంగా మాట్లాడతారు. డబ్బులిస్తానంటే కసిరారు. ఆదివారం ఆదివారం పులిహోర చేసి పెట్టేటట్టు ఒప్పందం. రోగుల గొంతులు రికార్డు చేయకూడదని మొదటే తీర్మానించుకున్నాను. నొప్పితో ఉన్న మనిషి దగ్గర ఫోను బయటికి తీయను.

గదిలో ఫ్యాను ఆపేసి, బట్టల బీరువా తలుపులు రెండూ తెరిచి, వాటి మధ్య ఆవిడ కూర్చుంటే గోడల మోత తగ్గింది. ఫోనులోనే రికార్డు చేసి, కంప్యూటర్‌లో ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచాను. ధ్వనిని గీతల్లో చూపిస్తుంది. నాకు వినపడనిది కనపడుతుందేమోనని ఆశ.

కనపడింది! ఎడమ అనే వల పలికినప్పుడు చివరి అ మెల్లగా సన్నబడుతూ పోయింది, గుడిగంట మోత పోయినట్టు. లేదు అనే వల' పలికినప్పుడు చివరి అ మీద ఎవరో కత్తిపెట్టి కోసినట్టు గీత టక్కున ఆగింది. ఆగేముందు అలలు ఎడంగా, గతుకులుగా ఉన్నాయి. గొంతులోపల తలుపు మూసుకోవడమే ఆ శబ్దం. నాలుకతో పనిలేదు, పెదవులతో పనిలేదు. ఆ గీత చూస్తూ పదిహేనుసార్లు విన్నాక, పదహారోసారి చూడకుండానే తేడా వినపడింది. బీరువా దగ్గర నుంచి లేచి ఇంటావిడ చేతులు పట్టుకున్నాను.

దీన్ని ఇకమీద గొంతునొక్కు అని పిలుస్తాను. బిసాయాలో ఇది కూడా క, గ లాగా ఒక హల్లు. రాతలో మాత్రం చాలాచోట్ల కనపడదు. హల్లు తర్వాత వస్తే అడ్డగీత పెడతారు: అన్నం కన్'ఒన్, జలుబు సిప్'ఒన్. మాట చివర వస్తే ఏమీ పెట్టరు. పుట్టినప్పటి నుంచీ వింటున్నవాళ్లకు అవసరం లేదు మరి.

ఈ వారం జతలు పోగేశాను. వాంతి సూక, వెనిగర్ సుక'. నీరసం లూయ, అల్లం లుయ్'అ. వార్డులో ఈ రెండూ కావాలి.

జూలై 6, ఆదివారం

పోయిన వారం పరీక్షలు, పని సాగలేదు. ఈ వారం రెండు చిక్కులు తేలాయి.

మొదటిది గొంతునొక్కుకు గుర్తు. తెలుగులో దానికి అక్షరం లేదు. మొదట విసర్గ వాడాను: వలః. చూడ్డానికి బాగుంది, మన లిపిలోనూ ఉంటుంది. జూనియర్లు చదివితే “వలహ” అన్నారు. పైగా అది సరిగ్గా ఉల్టా. ఎందుకంటే బిసాయాలో ఉత్త అచ్చుతో ముగిసే మాటకు ప్రత్యయం చేరితే మధ్యలో హ పుడుతుంది. చదవడం బాస, చదవాల్సింది బసాహొన్. ఎడమ వల, ఎడమచేతివాటం మనిషి వల్హొన్. గొంతునొక్కుతో ముగిసే మాటకు హ రాదు, ఆ నొక్కే పైకి తేలుతుంది: లేదు వల', పోగొట్టుకున్నవాడు నవద్'అన్. అంటే ఏ మాట చివర నొక్కు దాగుందో అనుమానం వస్తే ప్రత్యయం తగిలించి చూడొచ్చు! దీన్ని ఎవరూ నాకు చెప్పలేదు, ఇంటావిడ తమ పక్కింటి కుర్రాడి ఎడమచేతివాటం గురించి మాట్లాడుతుంటే చటుక్కున తగిలింది. సరే, విసర్గ వద్దు. పైన చిన్న కొమ్ములాంటి గుర్తు పెట్టాను, ఈ డైరీలో పెడుతున్నదే.

పలకడం నేర్పడానికి ఎంత తిప్పలు పడ్డానో! గొంతు మూయండి అంటే అందరూ ఊపిరి బిగబట్టారు. చివరికి ఖమ్మం నుంచి వచ్చిన మా గదిలో అమ్మాయి అంది, “అక్కా, చిన్నపిల్లలు అన్నం వద్దని అ'అ అంటారు చూడు, మధ్యలో ఆగేదేనా?” అదే. సరిగ్గా అదే. మనందరి గొంతులో ఉంది, అక్షరంగా లెక్కపెట్టుకోలేదంతే. ఇప్పుడు మొదటి కార్డు మాట కాదు, అ'అ అని తల అడ్డంగా ఊపుతున్న పాప బొమ్మ.

రెండో చిక్కు ఊనిక. బిసాయాలో ఒక అక్షరాన్ని ఊని పలుకుతారు, చోటు మారితే మాట మారుతుంది. మనకు అలాంటి అలవాటు లేదు. అయితే మనకు దీర్ఘం ఉంది. ప్రాట్‌లో కొలిచి చూస్తే చివరి నుంచి రెండో అక్షరం మీద ఊనిక ఉన్నప్పుడు, ఆ అక్షరం అచ్చుతో ఆగేదైతే, అచ్చు సాగుతోంది. అంటే అక్కడ దీర్ఘం రాస్తే సరిపోతుంది. సూకలో సూ, హిలానత్‌లో లా. దీర్ఘం లేకపోతే ఊనిక చివరన ఉన్నట్టు: సకిత్, మత, లిమ. అర్థాలు వరసగా వాంతి, జ్వరం, నొప్పి, కన్ను, ఐదు. హల్లుతో మూసుకున్న అక్షరాలకు ఈ ఉపాయం పనిచేయదు, వాటికి గొంతే దిక్కు. అయినా మూడొంతుల కార్డులకు దారి దొరికింది. దీర్ఘానికీ హ్రస్వానికీ తేడా పట్టే చెవి మనకు పసితనం నుంచీ ఉంది. పలు వేరు, పాలు వేరు. ఇంగ్లీషు లిపి ఆ తేడాను తుడిచేస్తే మనకున్న బలాన్ని మనమే పారేసుకుంటున్నాం.

అచ్చుల సంగతి క్లుప్తంగా. అసలివి మూడే: అ, ఇ, ఉ. 1972లో జాన్ వుల్ఫ్ వేసిన పెద్ద నిఘంటువు మొత్తం ఆ మూడింటితోనే నడుస్తుంది. ఎ, ఒ స్పానిష్ మాటలతో స్థిరపడ్డాయి. ఇప్పటికీ బబాయె అన్నా బబాయి అన్నా ఆడమనిషే. నేను అందరూ రాసే స్పెల్లింగునే పట్టుకున్నాను, ఒ దగ్గర ఉ వినపడితే కంగారుపడొద్దని జూనియర్లకు చెప్పాను.

జూలై 20, ఆదివారం

పరీక్ష పెట్టాం. సూక, సుక' కార్డులు బాగా వచ్చిన జూనియర్‌ను, అసలు చూడనివాణ్ని ఇద్దర్నీ వీధి చివర కొట్టుకు పంపాను. ఇద్దరికీ వెనిగరే ఇచ్చారు. కొట్టుకొచ్చి వాంతి కావాలని ఎవరడుగుతారు. సందర్భం కాపాడింది. అప్పుడు అర్థమైంది, బజారులో ఈ తేడాలు లేకపోయినా బతుకు వెళ్లిపోతుంది, అందుకే నాలుగేళ్లు నాకు వినపడలేదు. వార్డులో కుడి, ఎడమ, ఉంది, లేదు అన్నీ సమాన సందర్భాలే. అక్కడ గొంతునొక్కు తప్ప ఆసరా లేదు. ఒక్క ఊతం దొరికింది: ఎడమ వైపున అని చెప్పేటప్పుడు ముందు స చేరుతుంది, స వల. కాబట్టి ప్రశ్న కూడా అలాగే అడగాలి: “స తు'ఒ, ఒ స వల?” నేను ఆ రోజు స లేకుండా అడిగాను. తప్పు ఆవిడ జవాబులో కాదు, నా ప్రశ్నలోనే ఉంది. ఇది తెలిశాక మనసు కొంచెం కుదుటపడింది.

కొట్టు దగ్గర ఇంకో సంగతి. లోపల ఎవరూ కనపడకపోతే “ఆయొ!” అని కేకేస్తారు. మన ఊళ్లో “ఏమండోయ్, ఎవరున్నారు లోపల?” అన్నట్టు. ఎవరింటి గుమ్మం ముందైనా ఇదే పిలుపు. కార్డు చేశాను, వార్డుకు అక్కర్లేకపోయినా.

ఈ వారం అన్నం మాటలు. పాత నోట్సులో మూడు మాటలకూ ఎదురుగా ఒకే ఇంగ్లీషు మాట రాసి ఉంది, రైస్. చదివినవాడికి ఏది ఎప్పుడనాలో తెలియదు. తెలుగులో రాసేసరికి చిక్కే లేదు. హుమయ్ వడ్లు, బుగస్ బియ్యం, కన్'ఒన్ అన్నం. బాహవ్ చద్దన్నం. దుకొత్ గిన్నె అడుగున పట్టిన మాడు. కాలవ నీళ్లు, కుప్పనూర్పిళ్లు చూసి పెరిగిన గుంటూరు జిల్లా పిల్లకు ఈ అయిదూ ఒక పూటలో వచ్చేశాయి. పథ్యం చెప్పేటప్పుడు బుగస్ తినమంటే బియ్యం బొక్కమన్నట్టు ఉంటుంది, కాబట్టి ఇదీ వార్డు మాటే.

మనం, మేము కూడా అంతే. కిత అంటే మనం, వినేవాళ్లూ కలిసినట్టు. కమి అంటే మేము. తరగతిలో హిందీ పిల్లలు ఈ రెండింటితో వారాల తరబడి తంటాలు పడ్డారు, వాళ్లకు హమ్ ఒక్కటే. మాకు ఎవరూ నేర్పనవసరం లేదు. కిత కురచై త అవుతుంది. దారిన పోతున్నా, గుమ్మంలో నిలబడ్డా, తింటున్నవాళ్లు మనల్ని చూస్తే “కా'ఒన్ త!” అంటారు. తిందాం రా. ఆ త లో మనమూ ఉన్నాం. మొదటి ఏడాది, ఎవరూ తెలియని ఊళ్లో, భోజనాల వేళ కాపలాదారు ఆ మాట అన్నప్పుడు నేను అలా రాసుకోలేదు. ఇప్పుడు రాసుకుంటున్నాను.

ఆగస్టు 3, ఆదివారం

నొప్పి మాటలు. ఈ ప్రాజెక్టుకు ప్రాణం ఇవే, రెండు వారాలు వీటి మీదే కూర్చున్నాను.

సకిత్ అంటే నొప్పి అని పాత నోట్సులో ఒక్క మాటతో సరిపెట్టారు. ఇంటావిణ్ని, వాళ్ల చెల్లెల్ని కూర్చోబెట్టి ఏ నొప్పికి ఏమంటారో అడుగుతూ పోయాను. తలలో దబదబలాడే పోటు లబద్. పుండు మీద ఉప్పు పడ్డట్టు మంట హప్దొస్. లోపల్లోపల తొలిచే సలుపు ఙుత్ఙొత్, పన్ను పుచ్చితే రాత్రంతా ఉండేది. పుల్ల మామిడికాయ కొరికితే పళ్లు జివ్వుమంటాయి చూడండి, అది ఙిలొ. తిమ్మిరి బిన్హొద్. దురద కతొల్. కళ్లు తిరగడం లీపొఙ్. మన పోటు, సలుపు, మంట, తీపు, తిమ్మిరి పక్కపక్కన పెడితే దాదాపు ఒకదానికొకటి కుదిరిపోయాయి. మా ఇంగ్లీషు పుస్తకంలో ప్రతి నొప్పికీ పెయిన్ ముందు ఒక విశేషణం తగిలించి చెబుతారు. రోగి అలా చెప్పడు, ఒకే మాటతో చెబుతాడు. ఆ ఒక్క మాటలో సగం రోగనిర్ధారణ ఉంటుంది.

గిన్హావ దగ్గర ఆగిపోయాను. ఊపిరి అని రాసి కార్డు ముగించాను. తర్వాత ఇంటావిడ కొడుకు ఉద్యోగం ఖాయమైందని తెలిసిన రోజు ఆవిడ గుండెల మీద చెయ్యి వేసుకుని అదే మాటతో ఏదో అన్నారు. అడిగితే ఊరట, తేలిక అన్నట్టు వివరించారు. మనం “హమ్మయ్య, ఊపిరి పీల్చుకున్నాం” అంటామే, అచ్చం అలాగే. ఇక కార్డు మీద రెండు అర్థాలూ రాశాను, ఊపిరి కిందే ఊరట. గిన్హావ ఎలా ఉందని అడిగితే రోగి ఊపిరితిత్తుల గురించే చెబుతాడనుకోకూడదు, మనసు సంగతీ చెప్పొచ్చు.

మందు తంబల్. దాన్నుంచి మనానంబల్: పల్లె వైద్యుడు. తంబల్‌లో త ఎక్కడికి పోయిందో చూడండి, ముందు మన్ చేరేసరికి న లో కరిగిపోయింది. ఇలాంటి సంధి చూస్తే నాకు బడిలో సంధులు నేర్పిన మాస్టారు గుర్తొస్తారు.

ఆగస్టు 10, ఆదివారం

క్రియలతో తల పట్టుకున్నాను. తెలుగు అక్కరకు రాని చోటు ఇదే, దాచకుండా రాస్తాను.

మనకు క్రియ చివరను చూస్తే చేసింది ఎవరో తెలుస్తుంది: తాగాను, తాగావు, తాగాడు. వీళ్ల క్రియ ముందుభాగంలో మాట దేని చుట్టూ తిరుగుతోందో ఉంటుంది. తాగిన మనిషి గురించా, తాగిన మందు గురించా? “ని'ఇనొమ్ క బ ఒగ్ తంబల్?” అంటే మీరు ఏదైనా మందు వేసుకున్నారా అని. “గి'ఇనొమ్ బ నీమొ అఙ్ తంబల్?” అంటే ఆ మందు, నేను రాసిచ్చిన మందు, వేసుకున్నారా అని. మొదటిది కొత్త రోగిని అడగాలి, రెండోది తిరిగి వచ్చినవాళ్లను. మనవాళ్లు అన్నింటికీ మొదటిదే వాడుతున్నాం. తలనొప్పికి ఏదో మాత్ర మింగిన మనిషి కూడా అవునంటాడు, మనం మన మందే అనుకుంటాం.

మొత్తం వ్యాకరణం కార్డుల్లో ఎక్కించే పని పెట్టుకోలేదు. పది క్రియలు, ఒక్కోదానికి ని ఒకటి, గి ఒకటి, ఇంకా జరగనిదానికి మొ ఒకటి. ముప్పై వాక్యాలు నోటికి రావాలి, సూత్రం తర్వాత చూసుకుందాం. మన అమ్మమ్మలు ఎక్కాలు నేర్పినట్టు.

అంకెలు కూడా ఈ వారమే. ఉస, దుహ, తులొ, ఉపత్, లిమ అని వరసగా నేర్చుకుని వెళ్తే గడియారం దగ్గరా, డబ్బు దగ్గరా దెబ్బతింటాం. అక్కడ స్పానిష్ అంకెలు: అలస్ దోస్ అంటే రెండు గంటలు. మాత్రలు మూడైతే తులొ క తబ్లేత, వేసుకునే వేళ ఎనిమిదైతే అలస్ ఓత్సొ. ఒకే చీటీలో రెండు లెక్కలు. రెండు రకాలూ ఒకే కార్డు మీద వేశాను.

ఆగస్టు 24, ఆదివారం

కదయావన్ పండగతో ఊరంతా కోలాహలం. రోడ్ల మీద దురియన్ పళ్ల గుట్టలు, కొండజాతుల నాట్యాలు. మైకుల మోతకు రికార్డింగు కుదరలేదు. కూర్చుని మాటలు విన్నాను.

బిసాయాలో మీరు లేదు. ముసలావిడనైనా, పసివాణ్నైనా ఇకవ్, కురచగా క. తగలోగ్ వాళ్లకున్న పొ లాంటి మర్యాద మాటా లేదు. మొదట్లో నాకు నోరు రాలేదు, అమ్మమ్మ వయసావిణ్ని నువ్వు అన్నట్టుండేది. మర్యాద వరసల్లో ఉంది. పెద్దావిణ్ని నఙ్, పెద్దాయన్ను నొఙ్. తల్లి వయసుకు నానయ్. నన్ను పెద్దవాళ్లు దయ్ అని పిలుస్తారు, మనం అమ్మాయ్ అన్నట్టు. మగపిల్లాణ్ని దొఙ్. వరస పెట్టి పిలిచి తర్వాత ఎన్ని క లు వాడినా ఎవరూ తప్పుపట్టరు. వరస లేకుండా ప్రశ్న మొదలుపెడితే మొహం మాడ్చుకుంటారు. ప్రతి ప్రశ్న కార్డులోనూ నఙ్ చేర్చి మళ్లీ రికార్డు చేయాలి.

పిల్లల వార్డులో నేను చేసిన తప్పొకటి ఇప్పుడు అర్థమైంది. బొద్దుగా ఉన్న పాపను చూసి ఎంత ముద్దుగా ఉందో అన్నాను, తల్లి పాపను అటు తిప్పేసుకుంది. ఏదైనా మెచ్చుకుంటే వెంటనే “పుర్య బుయగ్” అనాలి, మన దిష్టి తగలకుండా అన్నట్టు. తెలిసుంటే ఆ రోజే అనేదాన్ని, మా ఇంట్లో ఉప్పు తిప్పి పోసేవాళ్లమే కదా. మర్నాడు ఇంకో తల్లి దగ్గర ఆ మాట అంటే ఆవిడ నవ్వి పాపను నా చేతికిచ్చింది.

మా హాస్టలు కాపలాదారుది బొహోల్. నా కార్డులు విని “మా ఊళ్లో ఇలా అనం” అన్నాడు. అతని నోట య జ అవుతుంది: అతనిది అనే ఈయ ఈజ అవుతుంది, బాగు అనే మా'ఆయొ మా'ఆజొ అవుతుంది. సెబు వైపు మధ్యలో ల కరుగుతుంది, ఎండుచేప బులద్ కాస్తా బువద్, లేదు అనే వల' కురచై వ'. దావావ్‌లో అన్ని దీవులవాళ్లూ వలస వచ్చారు కాబట్టి వార్డులో ఈ మూడూ వినపడతాయి. అతనితో ఇరవై మాటలు విడిగా రికార్డు చేయించాను. వ' లో గొంతునొక్కు ఇంకా గట్టిగా ఉంది. మాట సగం పోయినా నొక్కు మిగిలింది!

ఆగస్టు 31, ఆదివారం

264 కార్డులు పూర్తయ్యాయి. పదకొండు మంది జూనియర్లు ఫోన్లలో వేసుకున్నారు. శుక్రవారం నుంచి ఇద్దరు వార్డుకు వెళ్తున్నారు.

నిన్న వాళ్లలో ఒకమ్మాయి ఓపీలో ఒక ముసలాయన్ను అడగడం దగ్గరుండి విన్నాను. “నొఙ్, ఆస అఙ్ సకిత్? స తు'ఒ, ఒ స వల?” ఆయన “వల', దయ్” అన్నారు. ఆమె ఒక్క క్షణం ఆగింది. పెన్ను కాగితం మీద పెట్టలేదు. “వల' నొఙ్?” అని నొక్కి మళ్లీ అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపి, నొప్పి పొద్దున్నే పోయిందని, చీటీ కోసం వచ్చానని చెప్పారు. నాలాగా తేడా వినపడకపోయుంటే ఎడమ అని రాసేసేదేమో.

ఇంకా మిగిలినవి: నఙ్, నొఙ్ చేర్చిన ప్రశ్నలు ముప్పై ఆరు. వాటిలో పద్నాలుగు పోయిన వారం రికార్డు చేసినవి పనికిరావు, రేకుల మీద వాన చప్పుడు పడింది, చివరి నొక్కులన్నీ అందులో మునిగిపోయాయి. ఇంటావిడ చర్చి నుంచి రాగానే మొదలుపెట్టాలి. చింతపండు నానబెట్టాను.